ఆ పని ఎవరిది?

వెస్ట్‌బరో, మసాచుసెట్స్

రమణీ,

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో నాలుగు పేజీలు చేత్తో రాసి, స్టాంపు అంటించి పంపేదానివి నువ్వొక్కదానివే. ఫోన్లో మాట్లాడితే మీ నాన్న, మన మాస్టారు, వింటారని రాశానన్నావు. మంచిపని చేశావు. నేనూ అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఆయన నిద్రపోయాక తీరిగ్గా చదువుకో.

పొద్దున్న పేపరు మొత్తం చదివేసి, పది నిమిషాలకల్లా "పేపరు ఇంకా రాలేదేమే?" అంటున్నారని రాశావు. సాయంత్రమైతే ట్యూషన్ పిల్లలు వస్తారని అరుగు మీద చాపలు పరవమంటున్నారని రాశావు. పెన్షన్ డబ్బు ఎక్కడో దాచి, పనమ్మాయి తీసిందని గొడవ చేస్తే ఆ పిల్ల ఏడ్చుకుంటూ మానేసిందనీ రాశావు. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి చూసొచ్చే నర్సుని కదా, ఇవేవీ నాకు కొత్త కాదు. నన్ను నిలవనీయకుండా చేసింది నీ చివరి పేజీ. డాక్టరుగారు "ఎనభై దాటాయి కదమ్మా, మామూలే" అని మందు రాసి పంపేశారన్నావు. మందులచీటీ జిరాక్సు కూడా జతచేశావు. అందులో రాత్రిపూట వెయ్యమన్న మాత్ర డోనెపెజిల్. అది అల్జీమర్స్‌కి ఇచ్చే మందే రమణీ. అంటే జబ్బేమిటో ఆయనకి అర్థమైంది. మందుల షాపతనికి చెప్పారు, నీకు చెప్పలేదు.

ఆ డాక్టరుగారిని తిట్టడానికి కాదు ఇది. బయట యాభైమంది కూర్చుని ఉంటారు. తగ్గే జబ్బు కాదు, చెప్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, ఆ ఏడుపు చూస్తూ కూర్చునే తీరిక లేదు. ఇక్కడి డాక్టర్లూ అలాగే చేసేవారు. 2015లో అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ ఒక లెక్క బయటపెట్టింది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో గానీ, వాళ్లని చూసుకునేవాళ్లలో గానీ, డాక్టరు తమకి ఫలానా జబ్బని చెప్పారన్నవాళ్లు 45 శాతమే. ఎక్కువగా వచ్చే నాలుగు రకాల కేన్సర్లలో చెప్పారన్నవాళ్లు 90 శాతం పైనే. కేన్సరు మాట చెప్పడం డాక్టర్లు నేర్చుకున్నారు, ఈ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఇది డాక్టర్ల మంచితనానికి వదిలేసే సంగతి కాదని మా రాష్ట్రం చట్టం చేసింది. 2018 ఆగస్టులో గవర్నరు చార్లీ బేకర్ సంతకం పెట్టారు. ఆయన రిపబ్లికన్, చట్టసభల్లో మెజారిటీ డెమోక్రాట్లది, అయినా ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పటికి మసాచుసెట్స్‌లో అల్జీమర్స్ ఉన్నవాళ్లు 1,30,000 మందని లెక్క. ఆ ఏటి చట్టాల్లో అది 220వ అధ్యాయం. చదివితే ఏ గొప్పా కనబడదు. పెద్ద నిధులు లేవు, కొత్త ఆసుపత్రులు లేవు. ఎవరు ఏం చెయ్యాలో రాసిపెట్టారు, అంతే. నాకు అందులో నచ్చిందీ అదే.

జబ్బు నిర్ధారించిన డాక్టరు ఆ సంగతి కుటుంబంలో ఒకరికో, రోగి తరఫున మాట్లాడే హక్కున్నవారికో చెప్పాలి. రోగి ఆంతరంగిక విషయాలు కాపాడే నిబంధనలకి లోబడే చెప్పాలనుకో. చెప్పి ఊరుకోకూడదు. ఈ జబ్బు ఎలా ముదురుతుంది, ముందుముందు ఏమేం ఏర్పాట్లు చేసుకోవాలి, ఏ వైద్యాలున్నాయి అన్న సమాచారం చేతిలో పెట్టాలి. వయోజనులని చూసే డాక్టర్లూ నర్సులూ అందరూ ఈ జబ్బు మీద శిక్షణ పొందాలి. ఆసుపత్రులు మతిమరుపు జబ్బున్న రోగిని గుర్తుపట్టి ఎలా చూసుకుంటాయో 2021 అక్టోబరుకల్లా ఒక ప్రణాళిక రాసి పెట్టుకోవాలి. వృద్ధులని ఎవరైనా వేధిస్తున్నారన్న ఫిర్యాదు వస్తే వెళ్లి చూసే ప్రభుత్వ సోషల్ వర్కర్లకీ ఈ శిక్షణ ఉండాలి. ఇవన్నీ ఎంతవరకు జరిగాయో చూడ్డానికి ఒక శాశ్వత సలహా మండలి ఉండాలి.

ఇందులో ఒక్కటైనా ఎవరికీ తెలియని పనా చెప్పు? కాదు. ఎవరి పనీ కాకుండా పడి ఉన్న పనులు. ఎవరి పనీ కానిది ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. కూతురి నెత్తిన, లేదా కోడలి నెత్తిన. చట్టం చేసిందల్లా అందులో కొంత దించి, జీతం తీసుకునేవాళ్ల నెత్తిన పెట్టడం.

ఆ శిక్షణ నేనూ తీసుకున్నాను. ఇన్నేళ్లుగా చేస్తున్న పనికి మళ్లీ పాఠాలేమిటని సణుక్కుంటూ మొదలుపెట్టాను గానీ, అందులో ఒక మాట నా పని తీరే మార్చింది. మతిమరుపు ఉన్నాయన ఉన్నట్టుండి రెండురోజుల్లో పూర్తిగా అయోమయంలో పడితే అది ఆ జబ్బు ముదరడం కాదు, ఇంకేదో అయి ఉంటుంది, ముందు అది వెతకండి అన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, ఇలాంటివి. దాన్ని డెలీరియం అంటారు. పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. మాస్టారికి ఎప్పుడైనా అలా జరిగితే "జబ్బు ముదిరిపోయింది" అని ఎవరన్నా సరే ఒప్పుకోకు, మూత్రపరీక్ష చేయించమను.

మా అత్తయ్యగారికి సరిగ్గా అలాగే అయింది. ఒక చలికాలం రాత్రి మమ్మల్నెవర్నీ గుర్తుపట్టకుండా, ఊరెళ్లాలి బండి కట్టించమని గుమ్మం దగ్గర నిలబడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. వార్డులో నైట్ డ్యూటీ నర్సు ఒక కాగితం పట్టుకొచ్చి నన్ను కూర్చోబెట్టింది. ఈవిణ్ణి ఏమని పిలిస్తే పలుకుతారు? ఏం తింటారు? దేనికి భయపడతారు? రాత్రి పక్కన ఎవరుంటారు? అమ్మా అని పిలిస్తే చాలన్నాను. తలుపు మూస్తే బెదురుతారన్నాను. సెలైన్ సూది ఎడమచేతికి పెట్టమన్నాను. కుడిచేతికి పెడితే అన్నం తినే చెయ్యి అని పీకేస్తారు మరి. అవన్నీ మంచం వెనక తెల్లబోర్డు మీద పెద్దక్షరాలతో రాసింది. ఆ అమెరికన్ పిల్ల తెల్లవార్లూ "అమ్మా, అమ్మా" అంటూ తిరిగింది. మా అత్తయ్యగారు సూది పీకలేదు. పొద్దున్న డ్యూటీ మారాక వచ్చినావిడ బోర్డు వంక చూడకుండా తలుపు మూసేసిందనుకో. వెళ్లి బోర్డు చూపించాను, తెరిచింది. చట్టం వల్ల మనుషులు మారిపోతారని చెప్పను. అడిగేటప్పుడు చూపించడానికి ఒక బోర్డు మాత్రం ఉంటుంది.

పరీక్షల సంగతీ చెప్పాలి. అత్తయ్యగారికి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టినప్పుడు ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టారు. భాష రానివాళ్లకి దుబాసీని ఇవ్వడం ఇక్కడి ఆసుపత్రుల బాధ్యత. ఆ అబ్బాయి మర్యాదగా అడిగాడు, "ఇప్పుడు ఏ నెల అండీ?" ఈవిడ ఠక్కున "కార్తీకం" అన్నారు. అతను "నవంబరు కాదు" అన్న అర్థంలో ఏదో చెప్పాడు, డాక్టరు సున్నా వేయబోయాడు. నేను అడ్డుపడి, కార్తీకమే, మొన్ననే నాగులచవితి వెళ్లిందని చెప్పాల్సివచ్చింది. తరవాత ప్రెసిడెంటు ఎవరని అడిగారు. ఆవిడకి వంటింటి కిటికీలోంచి కనబడే అమెరికా తప్ప ఇంకో అమెరికా తెలీదు. గడియారం బొమ్మ వెయ్యమంటే మాత్రం అంకెలన్నీ ఒకే పక్కకి కుప్పపోశారు. దానికి నేను అడ్డుపడటానికేమీ లేకపోయింది.

ఈ విషయంలో మీరే నయం తెలుసా. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం మనవాళ్లతోనే ఎన్నో ఏళ్లు పనిచేసింది. డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో వాళ్లు ప్రచురించిన ఫలితం ప్రపంచమంతా చదివింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి, బడి మొహం చూడనివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. నేను దాన్ని గుర్తుచేసేది ఇంకో కారణానికి. అలాంటిచోట పరీక్ష చేసేవాళ్లకి కార్తీకమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మాస్టారిని ఒక్కసారైనా మెమరీ క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. బి12, థైరాయిడ్ పరీక్షలు, తలకి స్కాన్ చేయించు. మతిమరుపు కొందరిలో బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా వస్తుంది, అలాంటిది సరిచేసుకోవచ్చు.

ఇదంతా చదివి అమెరికాలో అన్నీ జరిగిపోతున్నాయనుకుంటావేమో. డబ్బు దగ్గరికొచ్చేసరికి ఇక్కడి కథ వేరు. అరవయ్యైదు దాటినవాళ్లకి కేంద్రప్రభుత్వం ఇచ్చే మెడికేర్ డాక్టరు ఫీజు ఇస్తుంది, ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది. స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి, రాత్రి కాపలా ఉండటానికి మనిషి కావాలంటే మాత్రం ఇవ్వదు. ఈ జబ్బులో కావలసింది ఆ మనిషే. నర్సింగ్ హోములో పెడితే మా రాష్ట్రంలో నెలకి 12,000 డాలర్ల పైనే. పేదల కోసం ఉన్న మాస్‌హెల్త్ ఆ ఖర్చు భరిస్తుంది గానీ, ఒంటరి మనిషి పేర ఉండే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. అంటే జీవితమంతా కూడబెట్టింది కరిగిపోయాక గానీ ప్రభుత్వం తలుపు తియ్యదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకి సాధారణంగా ఐదేళ్లదాకా ఈ దారులు తెరుచుకోవు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకైతే ఏమీ లేదు. ఆష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడికి వెళ్తే అలాంటి అమ్మానాన్నలు కనబడతారు. ఒకావిడ ప్రసాదం తీసుకుని మళ్లీ వరసలో నిలబడుతుంది, కొడుకు నెమ్మదిగా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొస్తాడు. ఎవరికీ చెప్పడు. వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

ఈ డబ్బు చిక్కు మీద కూడా రాష్ట్రాలే ముందు కదిలాయి. పశ్చిమాన వాషింగ్టన్ రాష్ట్రం 2019లో ఒక చట్టం చేసింది. ఉద్యోగుల జీతంలోంచి నూరు డాలర్లకి 58 సెంట్ల చొప్పున కోసి ఒక నిధి పోగుచేస్తారు. 2023 జూలైలో కోత మొదలైంది. తన పని తాను చేసుకోలేని స్థితి వస్తే 36,500 డాలర్లదాకా సంరక్షణకి ఇస్తారు. ఆ లబ్ధి మొదలవడానికి 2026 జూలై అని గడువు పెట్టారు. ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నా, పద్ధతి ప్రకారం నమోదయితే, ఆ డబ్బు వాళ్లకి జీతంగా ఇవ్వొచ్చు. ఆ మొత్తం ఇక్కడి నర్సింగ్ హోములో మహా అయితే మూడునెలలకి వస్తుంది. ఇంట్లో సాయానికి వచ్చే మనిషికైతే చాలాకాలం వస్తుంది. ఈ కోత ఇష్టమున్నవాళ్లకే ఉండాలని 2024 నవంబరులో ఓటు పెడితే జనం కాదన్నారు. జీతంలో కోతకి జనమే ఓటేసి అండగా నిలబడ్డారంటే, ఎన్ని ఇళ్లలో ఈ అవస్థ ఉందో చూడు.

మా దగ్గర ఇంకో దారి ఉంది. మాస్‌హెల్త్ కిందికి వచ్చే పెద్దవాళ్లని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటే, చూసేవాళ్లకి నెలనెలా కొంత ఇస్తారు. కొడుకో కూతురో కోడలో అయినా పరవాలేదు, భార్యాభర్తలకి మాత్రం కాదు. మా ఇంటికి అది వచ్చాక నేను డ్యూటీలు తగ్గించుకోగలిగాను. చుట్టాల్లో కొందరు మూతి విరిచారు. అత్తగారిని చూసుకోడానికి జీతమా అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ ఒక ఆదివారం వచ్చి ఆవిడ దగ్గర కూర్చుంటాననలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని అంచనా, నూటికి ఏడుగురి కంటే ఎక్కువే. మనకి చట్టాలు లేవని కాదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. అది అన్నం పెట్టని పిల్లల్ని నిలదీస్తుంది. నువ్వు అన్నం పెడుతున్నావు, నీకు ఆ చట్టం ఏమిస్తుంది? డెబ్భై దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వైద్యం అని 2024లో తెచ్చారు. మంచిదే, కార్డు తీసుకో. అది ఆసుపత్రిలో చేరితే వచ్చే డబ్బు. మాస్టారికి కావలసింది ఆసుపత్రి మంచం కాదు, పొద్దుటినించి రాత్రిదాకా పక్కన ఒక మనిషి.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒకటుంది. పేరు చూసి మనకి కాదనుకోకు. అందులో మానసిక జబ్బుకి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా ఉంది. రేపు నా పరిస్థితి బాగోకపోతే నాకు ఎలాంటి వైద్యం కావాలి, ఎలాంటిది వద్దు అని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడటానికి ఒకరిని నియమించుకోవచ్చు. ఈ రెండూ మనసు కుదురుగా ఉన్నప్పుడే చెయ్యాలి. మాస్టారు ఇంకా సగం రోజు మామూలుగానే ఉంటున్నారన్నావు. అందుకే తొందరపెడుతున్నాను.

డబ్బు, ఆస్తి దగ్గర మాత్రం పెద్ద గొయ్యి ఉంది. మీ అన్న శేషన్నయ్య "పవర్ ఆఫ్ అటార్నీ రాయించేస్తే సరి" అన్నాడని రాశావు. సరిపోదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే ఆ పవర్ అక్కడితో ఆగిపోతుంది. ఏ రోజు కోసం రాయించుకున్నామో ఆ రోజునే అది చెల్లదన్నమాట. ఇక్కడ అయితే మతి తప్పినా చెల్లేలా పవర్ రాయించుకునే వీలు చట్టంలోనే ఉంది. మన పాత 1987 చట్టంలో జిల్లా కోర్టుకి వెళ్లి, మతి సరిగా లేనాయన ఆస్తి చూడటానికి ఒక మనిషిని వేయించుకునే దారి ఉండేది. 2017లో కొత్త చట్టం రాసినప్పుడు రోగుల హక్కులకి చాలా మేలు చేశారు గానీ, ఆ దారి కొత్తదాంట్లోకి రాలేదు. ఇప్పుడు జనం హైకోర్టుకి రిట్ వేసుకుంటున్నారు. కోమాలో ఉన్నవాళ్ల కోసం కేరళ హైకోర్టు 2019లో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. అమలాపురంలో ఉన్న నువ్వు మాస్టారి ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించి ఆయనకే మందులు కొనడానికి, అమరావతి హైకోర్టు దాకా పోవాలా? ఇది న్యాయమేనా చెప్పు.

వైద్యం, ఆసుపత్రులు రాష్ట్రాల చేతిలో ఉన్న సంగతులు. కేరళ 2014లోనే డిమెన్షియా కోసం తనంత తానుగా ఒక కార్యక్రమం మొదలుపెట్టి, పగటిపూట చూసుకునే కేంద్రాలు పెట్టింది. మన రెండు రాష్ట్రాల శాసనసభల్లో ఎవరైనా ఒక బిల్లు పెడితే బాగుండునని పని నుంచి కారులో ఇంటికి వస్తూ అనుకుంటూ ఉంటాను. అందులో ఏముండాలో నాకు వచ్చేసింది కూడా. జబ్బు నిర్ధారించిన డాక్టరు రోగికీ, ఇంట్లో ఒకరికీ చెప్పి, కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. పీహెచ్‌సీ డాక్టరుకీ, ఏఎన్ఎమ్‌కీ, ఆశా వర్కరుకీ దీనిమీద శిక్షణ ఉండాలి. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ముసలివాళ్ల ఓపీ అని ఒకటుంది, అందులో వారానికొక రోజు మతిమరుపు పరీక్షలకి కేటాయించాలి. మండలానికొకటి కాకపోయినా, డివిజన్‌కొకటైనా పగటిపూట చూసుకునే చోటు ఉండాలి. ఆస్తి చూసే మనిషిని నియమించే అధికారం మళ్లీ జిల్లా కోర్టుకి రావాలి. చివరిది కేంద్రాన్ని కూడా కదిపే పని అనుకో. మిగతావాటిలో మొదటి మూడింటికీ కోట్లు అక్కర్లేదు. ఉన్న మనుషులకి ఫలానా పని మీదని చెప్పాలి, చెయ్యకపోతే అడిగేవాడు ఉండాలి. జీవోతో మొదలయ్యేది ఇంకో జీవోతో ఆగిపోతుంది. చట్టమైతే తీసేయడానికి మళ్లీ సభలో నిలబడి చెప్పాలి, ఆ సిగ్గు కొంత కాపాడుతుంది.

అది ఎప్పుడొస్తుందో గానీ, ఈలోగా ఏం చెయ్యాలో చెప్తాను విను. ఆ డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లు. ఈసారి శేషన్నయ్యని వెంటపెట్టుకుని వెళ్లు. మందు పేరు చూపించి, ఇది ఏ జబ్బుకండీ అని అడుగు. చీటీ మీద జబ్బు పేరు రాయించుకో. బ్యాంకులో, ఇన్సూరెన్సులో, కోర్టులో ఎక్కడైనా మొదట అడిగేది ఆ కాగితమే. తరవాత మాస్టారికీ చెప్పండి. ఎందుకు చెప్పడం, బాధపడతారని మీ అమ్మ, అదే పిన్ని, అంటున్నట్టు రాశావు. మన లెక్కల పేపర్లో సున్నా వచ్చినా దాచకుండా క్లాసులో చదివిన మనిషి ఆయన. ఆయన లెక్క ఆయనకి తెలియాలి. వీలునామా రాయాలన్నా, ఎవరి దగ్గర ఉంటానో చెప్పాలన్నా, ఇప్పుడైతేనే ఆయన మాట ఆయన చెప్పగలరు. ఇంకో ఏడాదికి మీరంతా ఆయన బదులు ఊహించాల్సిందే.

బ్యాంకు మేనేజరుని కలిసి, పిన్నిని జాయింటుగా చేర్చడానికి ఏం కావాలో అడుగు. ముందుముందు మాస్టారు సంతకం పెట్టలేని రోజు వస్తే, పెన్షనర్లకి వేలిముద్రతో, ఇద్దరు సాక్షులతో డబ్బు ఇచ్చే పద్ధతి రిజర్వు బ్యాంకు ఎప్పుడో పెట్టింది. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. డెబ్భై దాటినవాళ్లకి ఇంటి దగ్గర బ్యాంకు సేవ ఇవ్వాలని 2017లోనే చెప్పింది. కౌంటర్లో కుర్రాడు "అలాంటిదేం లేదండీ" అంటే వెనక్కి రాకు. ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కి ఆయన్ని ఎండలో తిప్పక్కర్లేదు, ఇంట్లో ఫోన్లో ముఖం చూపించి తీసుకోవచ్చు. రాత్రిళ్లు మరీ కష్టంగా ఉంటే టెలిమానస్ 14416కి చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది. ఆ పనమ్మాయి ఇంటికెళ్లి, మాస్టారి మనసు అన్నది కాదమ్మా, ఆయన జబ్బు అన్నదని చెప్పు. వస్తే జీతం ఓ ఐదువందలు పెంచు. నీకిప్పుడు ఆ పిల్ల అవసరం చాలా ఉంది.

ఇక శేషన్నయ్య. నెలనెలా డబ్బు పంపిస్తున్నాడు, కాదనను. హైదరాబాదు నుంచి డబ్బు పంపడం ఒక పని, రాత్రి రెండింటికి లేచి "నాన్నా, బడికి సెలవు, పడుకో" అని చెప్పడం ఇంకో పని. రెండోది నీదేనని ఎవరు రాశారు? ఇక్కడ చట్టం డాక్టరుకి పని చెప్పింది, నర్సుకి చెప్పింది, ఆసుపత్రికి చెప్పింది. మన ఇళ్లలో అన్నదమ్ములకి చెప్పే చట్టం అమెరికాలోనూ లేదు, ఇండియాలోనూ రాదు. అది నువ్వే చెప్పాలి. నెలలో రెండు శని ఆదివారాలు అతను వచ్చి నాన్న దగ్గర ఉండాలి, ఆ రెండురోజులూ నువ్వు ఇంట్లో ఉండకూడదు. ఏ వారాలో తేదీలతో సహా కాగితం మీద రాయించుకో. కుదరదంటే ఆ డబ్బుతో మనిషిని పెట్టి, ఆ మనిషి రాకపోయిన రోజున తనే ఏర్పాటు చెయ్యాలని చెప్పు.

ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించు. ఒప్పుకుంటే ఏ వారాలో నాకు రాయి. ఒప్పుకోకపోతే నంబరు పంపు, నేనే మాట్లాడతాను. చిన్నప్పుడు నా సైకిలు తీసుకుని తిరిగి ఇవ్వని బాకీ కూడా ఒకటి ఉంది, రెండూ కలిపి వసూలు చేస్తాను.

పిన్నికి నమస్కారాలు. మాస్టారికి ఎనిమిదో క్లాసు వసుంధర పాదనమస్కారాలు చెప్పిందని చెప్పు.

నీ
వసుంధర